వేలెడు ఆట

"ఇగ తిప్పు," అన్నాడు ఈదయ్య జీపు కిందనుంచి.

పైన కూర్చున్న కాటయ్య స్టీరింగును కుడికి జానెడు, ఎడమకు జానెడు తిప్పాడు. చక్రాలు ఉలకలేదు, పలకలేదు. కింద ఈదయ్య గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క కీలు మీద రెండేసి వేళ్ళు ఆనించి చూస్తున్నాడు. ఒక ముక్క కదిలి దాని పక్క ముక్క కదలలేదంటే ఆట, అంటే వదులు, అక్కడ ఉన్నట్టు. కంటికి ఆనని ఆట వేలికి దొరుకుతుంది. ఇది అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. చదువొస్తే గదా, పుస్తకం చెప్పడానికి.

"ఆగు. దొరికింది."

ముందు ఇరుసు నడుమ బెల్ క్రాంకు అని ఒక వంకర ఇనుపముక్క ఉంటుంది. స్టీరింగు తిప్పిన తిప్పును రెండు చక్రాలకూ పంచిపెట్టేది అదే. దాని సీల అరిగి లోపలి బేరింగు పొడిపొడి అయిపోయింది. అక్కడ నూలుపోగంత వదులుంటే చాలు, పైకి పోయేసరికి జానెడవుతుంది. ఈదయ్య సీలను కొట్టి తీసి, బయటికి జరిగి, వేపచెట్టు నీడన చతికిలబడి ఇత్తడి ముక్కను ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టాడు. సూర్యాపేట చివర రెండర్రల మట్టిల్లు అతనిది. కార్ఖానా అన్నా అదే, కాపురం అన్నా అదే.

నలభై నిండని మనిషికి అప్పుడే నడుము వంగింది. గోళ్ళ సందున నల్లటి గ్రీజు, ఏ కుంకుడుకాయకూ వదలనిది. కుడిచేతి బొటనవేలు పక్కకు తిరిగి ఉంటుంది. యుద్ధం రోజుల్లో పట్నం పక్క లష్కరులో మిలిట్రీ లారీలు బాగు చేసేటప్పుడు, ఆట బొత్తిగా లేకుండా బిగించిన స్టీరింగు ఒకటి గుంటలో పడి ఎగిరి కొట్టింది. అప్పటినుంచి ఏ బండి వచ్చినా అతను ముందు అడిగే మాట ఒకటే.

"ఏ బాటన తిరిగే బండి?"

"మిర్యాలగూడ బాట, బావా. దొరసాని రేపు టేసన్ల దిగుతది. వడ్లబండ్లు పొయ్యిపొయ్యి ఆ బాట ఎట్లున్నదో నీకు నేను జెప్పాల్నా?"

"అయితే వేలెడు ఆట ఉంచుత. తారు రోడ్డుకైతే బిగిస్తం గని, గతుకులకు జర వదులుండాలె. లేకుంటే నీ ఏలు గూడ నా ఏలు లెక్కనే అయితది."

కాటయ్య నవ్వాడు. నిజానికి ఒక ఊరివాళ్ళే గాని వాళ్ళిద్దరికీ చుట్టరికం లేదు. లష్కరులో నాలుగేళ్ళు ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు బతికారు. ఈదయ్యకు వేలు విరిగినప్పుడు నెలరోజులు ముద్ద కలిపి పెట్టింది కాటయ్యే. అప్పుడు కలిసింది ఆ బావా అనే వరస. యుద్ధం అయిపోయి ఇద్దరూ ఇళ్ళకు చేరాక కాటయ్య దొర దగ్గర డ్రైవరయ్యాడు. ఈదయ్య పంపులూ సైకిళ్ళూ బాగు చేసుకుంటూ కడుపులో చల్ల కదలకుండా ఉన్నాడు.

ఉన్నాడు అనుకోవడమే గాని, అతని చల్ల కదిలి రెండేళ్ళయింది. తమ్ముడు మట్టయ్య సంఘంలో కలిశాడు. వాళ్ళ నాయన దొర బండ్లకు కందెన పూసీ పూసీ, వెట్టిలోనే కళ్ళు మూసిన మనిషి. నాయన చచ్చిననాడు ఈదయ్య ఏడ్చి ఊరుకున్నాడు. మట్టయ్య ఊరుకోలేదు. సంఘం గట్టిపడ్డాక దొర పట్నం పారిపోయాడు. యూనియన్ మిలిట్రీ కోదాడ రోడ్డున వచ్చి ఇప్పటికి ఏడు నెలలు. దాని వెనకే దొర ఈ జీపు కొనుక్కుని మరీ తిరిగొచ్చాడు. ఇప్పుడు దొర మనుషులు మట్టయ్య కోసం ఇల్లిల్లూ గాలిస్తున్నారు. దొరికితే కాల్చేస్తారని ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు.

మట్టయ్య ఎక్కడున్నాడో ఊళ్ళో తెలిసింది ఈదయ్యకూ అతని భార్య సాయమ్మకూ మాత్రమే. మూసీ ఒడ్డున ఎర్రగట్టు బండల సందున ఉన్నాడు. మూడురోజులకొకసారి ఈదయ్యే సైకిలు మీద సద్ది కట్టుకుపోయి ఇచ్చివస్తున్నాడు.

"మట్టయ్య ముచ్చటేమన్న ఎర్కనా?" కాటయ్య మామూలుగా అడిగాడు.

ఆకురాయి ఆగలేదు. "నాకేం ఎర్క. ఇల్లిడిచి ఏడాదాయె."

"యాడున్నా సల్లగుండని. చిన్నప్పుడు నా బుజాలెక్కి తిరిగిన పోరడు."

ఆ మాటకు ఈదయ్య చెప్పేద్దామా అన్నంత వరకు వచ్చి, నోరు కట్టుకున్నాడు. వేరేవాడైతే గుచ్చిగుచ్చి అడిగేవాడు, కాటయ్య గనక ఒక్కమాటతో వదిలేశాడు అనుకున్నాడు. పిచ్చి మారాజు, ఈదయ్య.

పని అయ్యేసరికి పొద్దు బారెడు పైకొచ్చింది. ఈదయ్య స్టీరింగు ముందు కూర్చుని ఇటూ అటూ ఆడించి చూశాడు. సరిగ్గా వేలెడు. యుద్ధం తర్వాత మోటారు నడపడం ఇదే మొదలు.

"తారు రోడ్డుకేం తెలుస్తది బావా, గతుకులల్ల తిప్పు," అన్నాడు కాటయ్య పక్కన ఎక్కుతూ.

మిర్యాలగూడ బాట పట్టారు. ఎండకు ఎండి రాళ్ళయిన బండిచక్రాల గాడులు. ఈదయ్య చెవులు ఇరుసు కింద ఉన్నాయి, కళ్ళు ముందుచక్రం మీద ఉన్నాయి. ఎక్కడైనా టక్కుమంటుందా, బండి ఒక పక్కకు లాగుతుందా అని వెతుకుతున్నాడు. ఏ శబ్దమూ లేదు. మైనంలా తిరుగుతోంది. చాలా రోజుల తర్వాత అతనికి సంతోషం కలిగింది. ఆ సంతోషంలో మనిషి ఒళ్ళు మరిచాడు. బాట చీలినచోట చేతులు ఎడమకు తిప్పాయి. తుమ్మచెట్టు మలుపు దాటితే గాని కనపడని గుంటను మలుపుకు ముందే తప్పించాయి. ఒర్రెలోకి దిగకముందే కుడిగట్టు పట్టుకున్నాయి, ఎడమపక్క ఇసుకలో చక్రం దిగబడుతుందని. తాటిచెట్ల దాకా వచ్చాక అతనికి మెలకువ వచ్చినట్టయింది. ఎదురుగా ఎర్రగట్టు.

"తోవ తప్పినట్టున్నం," అని నవ్వి బండి వెనక్కి మళ్ళించాడు.

కాటయ్య కూడా నవ్వాడు. "మంచిగ జేసినవ్ బావా. పోదాం."

కాటయ్య బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఈదయ్య స్నానం చేసి జొన్నగట్క ముందు కూర్చున్నాడు. సాయమ్మది కోదాడ దగ్గర ఊరు. పదిహేనేళ్ళయినా ఆ యాస పోలేదు.

"బండి ఎటు తిప్పావయ్యా?"

"మూసీ దిక్కు. తాళ్ళదాకా."

ఆమె చేతిలో గరిటె ఆగింది. "అదేంటి, అటెందుకు పోయావు? తోవ అడిగాడా?"

"ఆడేం అడగలే."

అన్నాక ఈదయ్య ముద్దను కంచంలో పెట్టేశాడు. కాటయ్య ఏమీ అడగలేదు. కొత్తబాటలో చీలిక వస్తే ఇటా అటా అని అడగని డ్రైవరు ఈ లోకంలో ఉన్నాడా? కాటయ్య తోవ చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుంట రాకముందే గుంట తప్పించే తన చేతులను చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళు నోరు కట్టుకున్న మనిషికి చేతులు కట్టుకోవాలన్న సంగతి తట్టలేదు.

ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే సైకిలెక్కాడు.

తుమ్మచెట్టు మలుపులో పొద్దటి చక్రాల జాడ ఉంది. దాని మీదుగా మరో జాడ ఉంది. తాను ఎక్కడ తిరిగాడో అక్కడే తిరిగింది, తాను ఏ గుంట తప్పించాడో ఆ గుంటే తప్పించింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాడు గాని, వేసిన ప్రతి అడుగునూ లెక్కపెట్టేవాడు తన పక్కనే కూర్చుంటాడనుకోలేదు. తొక్కుతూనే కాటయ్యను తిట్టాడు, తనను తాను తిట్టుకున్నాడు.

ఒర్రె దగ్గర జీపు ఎదురొచ్చింది. వెనక తుపాకులతో ఇద్దరు కూర్చున్నారు. వాళ్ళ కాళ్ళ దగ్గర గోనెపట్టా కప్పి ఉంది. పట్టా పొట్టిది. రెండు పాదాలు బయటికి ఉన్నాయి. ఆ పాదాలు ఎవరివో ఈదయ్యకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కాటయ్య బండి నెమ్మది చేశాడు.

"నేను నిన్ను ఒక్కపారన్న తోవ అడిగిన్నా బావా?" అన్నాడు.

అడగలేదన్నది నిజం. ఆ నిజాన్ని పట్టుకునే రేపటినుంచి కాటయ్య హాయిగా నిద్రపోతాడు. జీపు పొద్దున ఈదయ్య పట్టిన గట్టే పట్టుకుని, ఇసుకలో దిగబడకుండా వెళ్ళిపోయింది.

ఈదయ్య వెనక్కి తిరగలేదు. సైకిలు అక్కడే పడేసి ఎర్రగట్టుకు నడిచాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. బండల కింద మేకలు కాసే ముసలి భద్రు కూలబడి ఉన్నాడు. తండాలో ఉంటూ అప్పుడప్పుడు మట్టయ్యకు నీళ్ళందించే మనిషి.

"పొద్దుగాల జీపుల నువ్వొస్తివంట," అన్నాడు భద్రు తలెత్తకుండా. "నీ తమ్ముడు బండ మీదికెల్లి సూసిండు. ఆగకుండనే మలిగితివని పరేషానయిండు. మల్ల సప్పుడు ఇనంగనే, మా అన్న నాకోసమే మల్లొచ్చిండు తాతా అనుకుంట దిగిండు. వద్దని నేను జెప్తనే ఉన్న. దాసుకునుడు లేదు, ఏం లేదు. సక్కగ ఎదురువొయ్యిండు."

ఈదయ్య బండ ఎక్కాడు. తమ్ముడు పొద్దున ఉతుక్కున్న అంగీ అక్కడ, మూలకొక రాయి పెట్టి ఆరేసి ఉంది. అది ఎప్పుడో ఎండిపోయింది.