కొయ్యకుండానే

"కొయ్యరటమ్మా! గజ్జల దగ్గర చిన్న కన్నం పెట్టి, సన్నటి గొట్టం పంపి, కాల్లో మూసుకుపోయిన రక్తనాళాన్ని బెలూనుతో తెరుస్తారట. రేపు చేసి ఎల్లుండి పంపేస్తారు. ఎల్లుండి రాత్రి వంట తనే చేస్తుందిలే." ఆసుపత్రి వరండాలో మా ఆయన అత్తయ్యకు ఫోనులో చెబుతున్నారు.

పక్కనే బల్ల మీద కూర్చున్న నాకు ఎందుకో ఏడుపొచ్చింది. కోత లేదంటే సంతోషించాలి కదా? కాలు తీసేస్తారేమోనని నెల్లాళ్ళుగా హడలి చచ్చినదాన్ని. ఇప్పుడేం కావాలి నాకు? పెద్ద కోతా, పదిమందికీ కనబడే కుట్లా? పిచ్చిగానీ పట్టిందా?

ఈ నొప్పి ఇవాళ్టిది కాదు. వీధి చివరికి వెళ్ళేసరికి పిక్క పట్టేసేది. ఆగితే తగ్గేది, నడిస్తే మళ్ళీ మొదలు. "కూరల సంచీ మొయ్యమంటే చాలు, కాలు నొప్పి! అన్నీ వేషాలు" అనేవారు అత్తయ్య. ఆయన నవ్వేవారు. నొప్పి తగ్గేదాకా నేను చెప్పుల షాపు అద్దం ముందు నిలబడి, కొనేదానిలా చూస్తూ ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, అలా ఆగడం హాయిగా ఉండేది. బడిలో "టీచర్, టీచర్", ఇంట్లో "ఏమేవ్, ఎక్కడ చచ్చావ్?" రోజు మొత్తంలో నన్నెవరూ పిలవని నిమిషాలు అవే. రేపు ఆ నాళం తెరుచుకుంటే ఆగడానికి సాకేదీ? ఛీ, రోగం పోతుందని దిగులుపడేవాళ్ళుంటారా ఎక్కడైనా? నా మనసు నాకే అంతు పట్టడం లేదు.

నర్సు వచ్చింది. "ఇంటికెళ్ళాక మీకు తోడెవరుంటారమ్మా? నడక మానకూడదు. కానీ వారం పాటు బరువులెత్తొద్దు, వంగి పనులు చెయ్యొద్దు."

ఆయన ఫోను చెవి నుంచి కాస్త పక్కకు జరిపారు. "అబ్బే, చిన్నదేగా సిస్టర్! ఇంట్లో పనులు మెల్లగా తనే చేసుకుంటుంది."

నర్సు ఆయన వైపు చూడలేదు. నా జవాబు కోసం ఆగింది.

"మా అక్క వాళ్ళింటికి వెళ్తాను" అన్నాను. ఆ మాట అనేదాకా, అంటానని నాకూ తెలియదు.

"అక్క దగ్గరికా? మరి ఇల్లు? అమ్మకి వంటెవరు చేస్తారు?"

ఆయన గొంతులో కోపం లేదు. పాపం, నిజంగానే తెలియక అడుగుతున్నారు. నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. ఫోనులో అత్తయ్య "ఏమంటోందిరా? ఏమంటోంది?" అని అడుగుతూనే ఉన్నారు.

"మీరే చెయ్యండి" అన్నాను. "చిన్నదేగా."