ముంగి పాట ఆపినప్పుడు

పడవల షెడ్డులో అందరూ అతన్ని ముంగి అనేవారు. ముందు పాట అందుకోవడానికి తప్ప నోరు విప్పని మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. అందుకున్నాడంటే మాత్రం అవతలి ఒడ్డున ఉన్నవాడు కూడా చేతిలో పని వదిలి వినవలసిందే. అతను ఒక మాట పాడేవాడు, మోకు పట్టినవాళ్లు వంత పలికి ఒక్క ఊపు లాగేవారు. అలా ఎన్ని పడవలు గట్టెక్కాయో లెక్కలేదు.

ఇప్పుడు ఆ పని మోటారు చేస్తోంది. దానికి పాట అక్కర్లేదు, గ్రీజు చాలు. పాత లాగుడు మనుషుల్లో మిగిలినవాళ్లను పోగేసి, నెత్తికి ఒకే రంగు రుమాళ్లు చుట్టించి, చూడవచ్చిన వాళ్ల ముందు పాడిస్తున్నారు. చేతుల్లో పెట్టుకోవడానికి ఒక మోకు ముక్క కూడా ఇస్తారు. దాని రెండో కొస దేనికీ కట్టి ఉండదు.

ఆ మోకును చూస్తే ముంగికి నవ్వొచ్చేది. పాటను తలుచుకుంటే ఒళ్లు మండేది.

ఎముక విరిగితే విరగనీరా – ఐలేసా
యజమాని మాట విరగనీకురా – ఐలేసా
అన్న పడితే ఆగకురా – ఐలేసా
అన్నం పెట్టేది మోకేరా – ఐలేసా

ఇది లాగేవాడు కట్టిన పాట కాదని అతని గట్టి నమ్మకం. లాగేవాడు కట్టి ఉంటే ఎక్కడో ఒకచోట మంచినీళ్ల ఊసు వచ్చేది. కడుపునిండా తిని, నీడపట్టున కుర్చీలో చేరబడి, పళ్లు కుట్టుకుంటూ ఎవడో గుమాస్తా అల్లి ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు ఇదంతా తట్టలేదు. ఊపిరి ఆడితే చాలనుకునే రోజులవి. ఇప్పుడు బల్ల మీద నిలబడి తీరిగ్గా పాడుతుంటే ఒక్కో మాటా గొంతులో చేపముల్లులా అడ్డం పడుతోంది.

వినేవాళ్లను చూస్తే మరీ అసహ్యం. చల్లటి సీసాలు పట్టుకుని కూర్చుంటారు. అన్న పడినా ఆగవద్దన్న చోట కళ్లు మూసుకుని తలలు ఊపుతారు. ఒకావిడ దగ్గరికొచ్చి, "ఎంత మట్టివాసన అండీ మీ పాటలో" అంది. అక్కడ ఏనాడూ మట్టివాసన లేదు. తారు, చెమట, కుళ్లిన చేప. ఇంకొకాయన ఎముక విరిగే చరణం మళ్లీ పాడించుకుని ఫోన్లోకి ఎక్కించుకున్నాడు, ఎవరైనా ఫోన్ చేస్తే అదే మోగాలట. ఇక వీడికి కబురొచ్చినప్పుడల్లా ఎవడిదో ఒక ఎముక విరుగుతుందన్నమాట, అనుకున్నాడు ముంగి.

అయినా పాడుతున్నాడంటే బావ కోసం.

బావ అంటే అక్క మొగుడు. ఒకప్పుడు మోకు మీద మొదటి పట్టు ఆయనదే. ఇప్పటికీ ఛాతీ ముందుకు తోసుకునే నడుస్తాడు. ఆ ఛాతీలో గుండె సగమే పనిచేస్తోందని, బకెట్టెడు నీళ్లు కూడా మోయవద్దని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, షెడ్డులో పాటకు పిలుస్తున్నారనగానే లేచి గడ్డం గీసుకున్నాడు.

"మోకుకి అటువైపు ఏమీ ఉండదుగా?" అని అడిగింది అక్క.

"గాలుంటుంది."

"అయితే తీసుకెళ్లరా. ఇంట్లోనే ఉంటే ఈయన చూపులకి గోడ అరిగిపోయేలా ఉంది. నిజం మోకు మాత్రం ముట్టనివ్వకు తమ్ముడూ. రోషం ఎక్కువ, ఊపిరి తక్కువ."

ముంగి తలూపాడు. అతను తలూపాడంటే ఇంకొకడు ప్రమాణం చేసినట్టు.

కొన్నాళ్లు గాలినే లాగారు. ఒక రోజు మేనేజరు హడావిడిగా వచ్చాడు. కుర్రవాడు. పనివాళ్లందరినీ బాబాయ్ అంటాడు, ఎవరి పేరూ గుర్తుపెట్టుకునే శ్రమ లేకుండా.

"బాబాయ్, ఇవాళ ఉత్తుత్తి మోకు కాదు. యజమానిగారి చుట్టాలు వస్తున్నారు. నిజం పడవే లాగుదాం. చిన్నదేలే."

"మోటారు చచ్చిందా?" అన్నాడు ముంగి.

"మోటారు లాగితే ఫోటోలో ఏముంటుంది బాబాయ్?"

"లాగం."

ముంగి నోట మాట రావడమే అరుదు కాబట్టి మేనేజరు తెల్లబోయాడు. ఈలోపు వెనకనుంచి బావ గొంతు వినబడింది.

"లాగం అనడానికి నువ్వెవడివోయ్? నువ్వెప్పుడు లాగావు గనక? మేం లాగుతుంటే పక్కన నిలబడి కూసేవాడివి."

రుమాళ్లవాళ్లంతా నవ్వారు. "బావమరిదికి భయం పట్టుకుంది" అన్నాడొకడు. "పడవను చూస్తే పాట మర్చిపోతాడేమో, చీటీ రాసివ్వండి" అన్నాడింకొకడు.

"బావా, డాక్టరు చెప్పింది..."

"సూది పట్టేవాడి మాట మోకు పట్టేవాడికి చెప్పకు."

మేనేజరు తేరుకుని, "మీరు పాడకపోయినా పర్లేదు బాబాయ్. మొన్న మీ పాట రికార్డు చేశాంగా. స్పీకర్లో పెట్టేస్తాం" అన్నాడు.

స్పీకరుకు నోరుంది, కళ్లు లేవు. మనిషి పడిపోతుంటే చూసి ఆగే గుణం దానికి లేదు. నిజానికి ఆ దిక్కుమాలిన పాటకు సరైన గాయకుడు అదే. తను పాడితే కనీసం సమయానికి ఆపగలడు. ముందు పాట ఆగితే చేతులు ఆగుతాయి, ఏనాడూ తప్పని సంగతి అది. అలా అనుకుని ఒప్పుకున్నాడు ముంగి.

"వెనక పట్టుకి పో బావా" అని మాత్రం అన్నాడు.

"వెనక పట్టుకి మీ అక్కని పంపు" అని బావ మొదటి పట్టులోకి వెళ్లి నిలబడ్డాడు.

చుట్టాలు వచ్చి కుర్చీల్లో సర్దుకున్నారు. మేనేజరు మైకు పట్టుకుని వాళ్లకు వంత నేర్పాడు, చప్పట్లతో సహా. ముంగి అందుకున్నాడు. మోకు బిగిసింది. కొసన బరువు తగలగానే ఆ ముసలి వీపులు మారిపోయాయి. ఇంట్లో చెప్పులు వంగి తొడుక్కోలేనివాళ్లు నేలకు వాలిపోయి లాగుతున్నారు. పడవ మూలిగి, దుంగల మీద కదిలింది.

రెండో చరణం మొదలుపెట్టాక ముంగి చూపు పడవ వెనక్కి పోయింది. అడ్డుచెక్క దగ్గర ఎవరూ లేరు. లాగిన మేరకు పడవ వెనక్కి జారకుండా చెక్క వేసే మనిషి కిందటేడు పోయాడు. గాలిని లాగడానికి చెక్కెందుకని ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు. ఇవాళ కూడా ఆ ఖాళీ ఎవరికీ కనబడలేదు. అందరూ మోకు మీదికే ఎగబడ్డారు, ఫోటోలో పడేది అదే కనుక.

బావ మొహం ఎర్రబడింది. తర్వాత నల్లబడింది. పెదాలు నీలం తిరిగాయి. ముంగి పాటను సాగదీసి నెమ్మది చేశాడు. లాభం లేకపోయింది. పాట ఆపేశాడు.

చేతులు ఆగలేదు.

కుర్చీల్లోంచి "ఐలేసా" అని గొంతులు లేచాయి. చప్పట్లు. మళ్లీ "ఐలేసా". అంత పెద్ద వంత ఆ ముసలివాళ్లు పుట్టి బుద్ధెరిగి వినలేదు. వంత వినబడితే భుజాలు లాగుతాయి, వాటికి తెలిసింది అంతే. ముంగి ఆపమని చెయ్యి పైకెత్తాడు. చుట్టాలందరూ చేతులు పైకెత్తి ఊపారు. "ఆపండి" అని అరిచాడు. ముందు వరసలో ఫోన్ పట్టుకున్నావిడ ముచ్చటగా రాగం తీసి, "ఆపండీ, ఐలేసా" అంది. మిగతావాళ్లు అందుకున్నారు.

గొడ్లు నయం, అదిలిస్తే ఆగుతాయి, అనుకుంటూ ముంగి బల్ల మీంచి దూకాడు. అడ్డుచెక్కకు వార్నిష్ పూసి, కింద దాని పేరు రాసి, చూడవచ్చినవాళ్ల కోసం గోడకు బిగించి ఉంచారు. దాన్ని మేకులతో సహా పీకి, బోర్లా పడి పడవ అడుగున తోశాడు. పడవ వెనక్కి వాలి చెక్క మీద కూర్చుంది. బరువంతా చెక్క మీద పడి మోకు సడలింది. అందరూ తూలారు. బావ కూలబడ్డాడు. కూలబడ్డా మోకు వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విప్పదీయవలసి వచ్చింది.

చుట్టాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ఆఖర్న అదిరింది బాబాయ్" అన్నాడు మేనేజరు. "ఇకనుంచి రోజూ ఇలాగే చేద్దాం."

ముంగి అతని బూట్ల పక్కన ఉమ్మాడు. అంతకంటే జవాబు దండగ అనిపించింది.

బావకు కాసేపటికి ఊపిరి అందింది. అందగానే, "ఎందుకు ఆపావురా?" అన్నాడు. "ఇంకొక్క చరణం. పడవ గట్టెక్కేది."

"నువ్వు పాడె ఎక్కేవాడివి."

"ఎక్కేవాణ్ణి. మోకు పట్టుకునే పోయాడు మగాడు అనేవారు. ఇప్పుడేమంటారు? బావమరిది చెక్క అడ్డం పెడితే బతికాడంటారు."

ముంగి ఆయన మొహంలోకి చూశాడు. ఇన్నాళ్లూ పాట కట్టిన గుమాస్తాను, తలలు ఊపే కుర్చీలను తిట్టుకున్నాడు. వాళ్లలో ఒక్కరికీ ఆ పాట మీద నమ్మకం లేదు. నమ్మినవాడు ఈయనొక్కడే. ఆ నమ్మకాన్ని ఈయన బుర్రలోకి పాడి పాడి ఎక్కించిన గొంతు మాత్రం గుమాస్తాది కాదు.

వెనక రుమాళ్లవాళ్లు మోకు సర్దుకుంటున్నారు. "ముంగీ, ఆ చెక్క తీసి పాట అందుకో. జనం చూస్తున్నారు" అన్నాడొకడు.

ముంగి నెత్తి రుమాలు విప్పి మొహం తుడుచుకుని, పడవ మీద పారేశాడు. బావ చంకలో చెయ్యి వేసి లేపాడు. బావ విదిలించుకున్నాడు. రెండడుగులు వేసి, విదిలించుకున్న చెయ్యే మళ్లీ పట్టుకోవలసి వచ్చింది. అలాగే ఇంటిదాకా నడిచారు.

గుమ్మంలో అక్క ఎదురొచ్చి రెండో చంక పట్టుకుంది. మొగుణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, మాత్ర మింగించింది.

"నీ తమ్ముణ్ణి ఇక ఈ గడప తొక్కవద్దని చెప్పు" అన్నాడు బావ.

"అలాగే" అని అక్క తమ్ముడితో పాటు వీధిలోకి వచ్చింది. "రేపు రారా" అంది. "తిడతాడు."

"తెలుసు."

మర్నాడు వెళ్లేసరికి బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు వినగానే గోడతో మొదలుపెట్టాడు. ఊసరవెల్లి అన్నాడు, వెన్నుపోటుగాడన్నాడు, పిల్లనిచ్చిన ఇల్లని ఊరుకుంటున్నానన్నాడు, ముంగి తండ్రి మొదటినుంచీ పిరికివాడేనన్నాడు. మధ్యలో ఒక్కసారీ రొప్పలేదు.

ముంగి స్టూలు మంచం దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.