మందును తోడేసిన గడ్డ

అబద్ధం రాసింది నేను, చదివింది మా చెల్లె స్తుతి. అది అబద్ధమని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు. నాకు మాత్రం తెలిసి ఉండాల్సింది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కలున్న ఫార్మసీ కాలేజీల్లో ఒకదాంట్లో పద్నాలుగేళ్లుగా పాఠం చెప్తున్నాను. నాకు జీతమిచ్చేదే అందుకు.

స్తుతికి రొమ్ములో గడ్డ. తొందరగా పెరిగే మొండి రకమన్నారు. ముందు ఎనిమిది కీమోలిచ్చి గడ్డను చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేద్దామన్నారు. రెండు కీమోలకే నిమ్మకాయంత గడ్డ శనగ గింజంత అయింది. ఇంటిల్లిపాదీ సంతోషంతో ఏడ్చాం.

మా చర్చి సంఘంలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్తారు. నలుగురిలో మాట్లాడాలంటే స్తుతికి వణుకు. అందుకని నేనే కాగితం మీద రాసిచ్చాను. "గడ్డ తగ్గింది" అని రాస్తే చప్పగా అనిపించింది. కొట్టేసి, "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు" అని రాశాను. చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది. పాస్టరు అయ్యగారు మాత్రం ఆమెను పక్కకు పిలిచి, మందులు మానొద్దమ్మా అని చెప్పాడు.

మరునాడు క్లాసులో నేను చెప్పిన పాఠం ఏమిటో తెలుసా? కొన్ని క్యాన్సర్ కణాల పైపొరల్లో మోటార్ల వంటి ప్రోటీన్లుంటాయి. లోపలికి వచ్చిన మందును పట్టుకుని బయటికి తోడేస్తాయి. కీమోకు మిగతా కణాలు చస్తాయి, మోటార్లు ఎక్కువున్నవి బతుకుతాయి. మళ్లీ పెరిగేది ఆ బతికినవే. ఒక మందును తోడేసే మోటారు, తానెన్నడూ చూడని మందును కూడా తోడెయ్యగలదు. ఐదు మార్కుల ప్రశ్న, తప్పకుండా వస్తుంది, బొమ్మ వెయ్యండి అని కూడా చెప్పాను. గడ్డ చిన్నదైతే పోయినట్టు కాదని పిల్లలకు నేర్పి, చెల్లెకు మాత్రం పోయిందని రాసిచ్చాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

స్తుతి ఒక్క కీమో మానలేదు. జుట్టంతా రాలింది, తిన్నదంతా కక్కింది. దవాఖానలో గడ్డ ఎలా ఉందని అడిగిన ప్రతిసారీ బాగుందంది. ఆ రద్దీలో ఎవరూ ముట్టి చూడలేదు. నేనూ చూడలేదు. ఆపరేషన్‌కు ముందు తీసిన స్కానులో గడ్డ మొదటికన్నా పెద్దగా కనిపించింది. ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి.

"ఎప్పటిసంది పెరుగుతుందమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మూడు నెలలైతుంది" అంది స్తుతి తల వంచుకుని.

"అప్పుడే చెప్తే మందు మార్చెటోళ్లం. ఆపరేషన్ ముందుకు జరుపుతుంటిమి. ఇప్పుడు వేరే మందు పెడ్తం గానీ, అది గూడ పని చేస్తదని చెప్పలేను."

తిరుగు దారిలో మన్నెగూడ దాకా ఓర్చుకున్నాను. ఇక నా వల్ల కాలేదు. "నాకెందుకు చెప్పలేదే?" అని అరిచాను.

"ఏమని చెప్పాలె అక్కా? అందరి ముందట పోయిందన్న. మళ్లొచ్చిందంటే నాకు విశ్వాసం లేదనరా? మందైతే ఎక్కిచ్చుకుంటనే ఉన్న గదా, అదే తగ్గుతదనుకున్న."

అప్పుడు చెప్పాను ఆ మోటార్ల సంగతి, పద్నాలుగేళ్లలో మొదటిసారి ఇంటి మనిషికి. కారణాలు చాలా ఉంటాయని, ఇది అందులో ఒకటని చెప్పాను.

"గా మోటార్లు బందు చేసే మందు లేదా?"

"ప్రయత్నం చేసిన్రు. కానీ మంచి కణాలకు గూడ గవే మోటార్లుంటయి. ఆపబోతే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది."

"అంటే నా విశ్వాసం తక్కువై కాదు" అంది స్తుతి. కాదన్నాను.

ఇల్లు చేరేసరికి బొంగులూరు నుంచి బుగ్గమ్మ వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. మా సంఘంలో పెద్ద మనిషి. చేతిలో దవాఖాన ఫైలు.

"నీ సాక్ష్యం విన్న బిడ్డా. నా గడ్డ గూడ రెండు కీమో సూదులకే కరిగింది. ఇంక దవాఖానకు రానని చెప్పిన. జర నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి, చాలు."

నేను మాట్లాడాలి. రాసింది నేనని చెప్పాలి. కణాలు, మోటార్లు, బొమ్మ అన్నీ తెలిసినదాన్ని, తల వంచుకుని ఇంటి తాళం తీశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

స్తుతి ఆమెను లోపలికి తీసుకుపోయింది. పైట కింది నుంచి ఆమె చేతిని తన గడ్డ మీద పెట్టుకుంది.

"ముట్టు అవ్వా. నాది పోలే. మందంతా ఎక్కిచ్చుకున్న, అయినా పెరిగింది. నీది చిన్నగున్నప్పుడే పో. రేపు పొద్దుగాలనే పో."

బుగ్గమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. స్తుతి ముఖంలోకి జాలిగా చూసింది.

"నీకు విశ్వాసం లేకపాయె బిడ్డా" అని ఫైలు తీసుకుని బయటికి నడిచింది.

ఆ మాట పడకూడదనే మా చెల్లె మూడు నెలలు గడ్డ సంగతి దాచి ప్రాణం మీదికి తెచ్చుకుంది.

"అవ్వా, రాసింది నేను!" అంటూ గేటు దాకా ఉరికాను. బుగ్గమ్మ షేర్ ఆటో ఎక్కుతోంది.

నా వెనకే స్తుతి వచ్చింది. గేటు పట్టుకుని, ఆయాసపడుతూ అరిచింది. "నన్నేమన్న అనుకో అవ్వా! దవాఖానకైతే పో!"

బుగ్గమ్మ తిరిగి చూడలేదు.