అణిగిన మనిషి

పొద్దున్నే చెత్తలారీ బయల్దేరేది. ప్రతి వీధి మొదట్లో ఆగడం, కూలీలు డబ్బాలు తెచ్చి వెనక తొట్టిలో గుమ్మరించడం, డ్రైవరు మీట లాగడం. ఇనుప పలక కిర్రుమంటూ దిగి, గదిలో పట్టనంత చెత్తని బీరువాలో పట్టేంతగా నొక్కేసేది.

కొడుకు పోయిన వారానికే డ్రైవరు మళ్ళీ ఆ మీట దగ్గరికొచ్చి కూర్చున్నాడు. ఏడవలేదు. ఎవరైనా పలకరిస్తే "బానే ఉన్నాను" అనేవాడు. ఇంట్లో భార్యతో ఆ మాత్రం కూడా అనేవాడు కాదు.

ఆ ఏడే అతను పొట్టి అవడం మొదలైంది. బరువు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. భార్య ఎప్పటికప్పుడు అతని ప్యాంట్లు కత్తిరించి, మడిచి కుట్టేది. బస్సు కండక్టరు "అన్నా, కాస్త మధ్యలో నించో, బండి ఒరిగిపోతోంది" అనేవాడు. డాక్టరు వీపు తడిమి చూశాడు.

"వెన్నుపూసలు ఒకదాని మీదొకటి కూర్చుండిపోయాయి. మట్టి మాత్రం? మీద బరువు పడేకొద్దీ అణిగి అణిగి రాయైపోదూ!" అంటూ బలానికి బిళ్ళలు రాసిచ్చాడు.

చివరికి కాళ్ళు బ్రేకుకి అందలేదు. మేస్త్రీ అతన్ని ఊరి చివర చెత్తగుట్ట మీదికి మార్చాడు.

"చెత్త అణిచే రోలరు ఎప్పుడు చూసినా రిపేరే. నువ్వు అటూ ఇటూ నడుస్తుండు, చాలు."

నడిచాడు. చెత్త మీద పరిచిన మట్టి అతని అడుగు పడ్డచోటల్లా సిమెంటులా బిగిసేది. అతనికి వాసన తెలిసేది కాదు. ఎండా తెలిసేది కాదు. ఇంటికొచ్చి పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకే మంచం మీద ఇద్దరూ చెరో ఊళ్ళో ఉన్నట్టుండేది.

ఒకరోజు ఆమె బట్టలు సంచిలో సర్దుకుంది. సంచీ, క్యారేజీ పట్టుకుని, వాన వెలిశాక గుట్ట ఎక్కింది. పైన కొత్తగా పోసిన చెత్త ఇంకా ఎవరూ తొక్కనిది, నీళ్ళు తాగి ఉబ్బి ఉంది.

"ఏమండీ," అంది అతని వెనక నిలబడి.

అతను తిరిగేలోపే పైనుంచి గుట్ట జారింది. ఆమె కాళ్ళకింద నేల కొట్టుకుపోయింది. చేతికి అతని మెడ దొరికింది, పట్టేసుకుంది. బురద, ప్లాస్టిక్, చింకి పరుపులు, ఏవేవో వాళ్ళని రాసుకుంటూ కిందికి పోయాయి. సంచీ, క్యారేజీ వాటితోపాటే పోయాయి. అతను మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు.

అంతా ఆగాక కింద ఎవరో కేకలేస్తున్నారు. ఆమె ఊపిరి తీసుకుంది.

"చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పడానికొచ్చాను."

"వెళ్ళు మరి."

"ఈ అవతారంతో బస్సెక్కనిస్తారా ఎవరైనా?"

అప్పుడు చూసుకుందామె: తన గోళ్ళు అతని మెడలో దిగబడి ఉన్నాయి. సన్నగా రక్తం వస్తోంది.

"అయ్యో, నొప్పెడుతోందా?"

అతను కాసేపు ఆలోచించాడు. బురద పట్టిన ముఖం మెల్లగా ముడుచుకుంది.

"ఆఁ," అన్నాడు. "బాగా."

ఆమె గోళ్ళు తీసింది గానీ, చెయ్యి తియ్యలేదు.