హేమశ్రీ చేసిన గేమ్ డబ్బా

బ్రాడీపేటలో మాబు సాహెబ్ గారి రిపేరు షాపులో నేను పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. హేమశ్రీ వచ్చి ఎనిమిది నెలలు. మంగళగిరి నేతవాళ్ళమ్మాయి. ఈ లెక్క నేను రోజూ వేసుకునేవాణ్ణి. ఆయన వేసుకున్నట్టు లేదు.

సాహెబ్ గారికి చూపు మందగించింది. రంజాన్ తర్వాత ఇక షాపులో కూర్చోనన్నారు. ముందు బల్ల, అంటే వచ్చినవాళ్ళతో మాట్లాడి పని ఒప్పుకునే చోటు, మా ఇద్దరిలో ఒకరికి అప్పగించాలి. అది నాదేననుకుని ఇన్నేళ్ళూ వెనక గదిలో చెమటలు కక్కాను.

సరిగ్గా అప్పుడే ప్రేమ్‌చంద్ అనే గేమ్ పార్లర్ ఓనరు వచ్చాడు. పాత మిషన్లకున్నట్టు కర్ర, బటన్లు ఉన్న కంట్రోలర్ కావాలట. అది పార్లర్ మిషనుకీ, కంప్యూటర్‌కీ కూడా పనిచేయాలట. రెండింటికీ ఒకటే కుదరదని చెప్పేశాను.

"నేను చూస్తానండీ," అంది హేమశ్రీ వెనక నుంచి.

"ఎవరు బాగా చేస్తే వాళ్ళదే బల్ల," అన్నారు సాహెబ్ గారు. కుదరదన్న పనిని నేనెలా మొదలుపెడతాను?

ఆమె పది రోజుల్లో చేసేసింది. ఇంట్లో మూలపడ్డ మగ్గం చెక్కతో డబ్బా కట్టింది. పారేసిన కీబోర్డులోని సర్క్యూట్ తీసి కంప్యూటర్‌కి కలిపింది, మిషనుకు వేరే తీగలు లాగింది. లోపల తీగలన్నీ పడుగు పోగుల్లా వరసగా ఉన్నాయి. చూడగానే నా కడుపు మండిపోయింది.

డబ్బా అప్పగించే రోజు పొద్దున మా ఆవిడ రహిమున్నీసాతో కూర్చుని ఒక బస్తా మిరపకాయలకు తొడిమలు తీశాను. సీజన్లో మా వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే పని. చేతులు కడుక్కుని షాపుకొచ్చాను. మధ్యాహ్నం హేమశ్రీ భోజనానికి, సాహెబ్ గారు నమాజుకు వెళ్ళారు. డబ్బా అడుగు మరలు విప్పి ఎడమ, కుడి తీగలు తారుమారు చేశాను. తప్పుతోందో లేదో చూడ్డానికి కర్ర పట్టుకుని నాలుగు వైపులా తిప్పాను.

సాయంత్రం ప్రేమ్‌చంద్ కర్రను కుడికి నెడితే బొమ్మ ఎడమకు పరిగెత్తింది. హేమశ్రీ ముఖం పాలిపోయింది.

"పొద్దున కూడా బాగానే ఉందండీ. ఎవరన్నా విప్పారా?"

"నేను దాన్ని ముట్టుకోనే లేదు," అన్నాను.

సాహెబ్ గారు తానే కర్ర పట్టుకుని అటూ ఇటూ తిప్పారు. అలవాటుగా కళ్ళద్దాలు పైకి నెట్టి కన్ను నులుముకున్నారు. మరుక్షణం కుర్చీలో కూలబడ్డారు. కంటి నుంచి ధారగా నీళ్ళు.

"అమ్మాయ్, మీ ఇంట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నారా?"

"లేదండీ. మాది నేత కదా."

నేను పరుగున చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముఖం మీదకి వంగాను.

"నువ్వు ముట్టుకోకురా అనీస్," అన్నారు నెమ్మదిగా. "అమ్మాయిని పొయ్యమను."

హేమశ్రీ నా చేతిలోంచి చెంబు తీసుకుంది. ఒక చేత్తో ఆయన తల పట్టుకుని నీళ్ళు పోస్తోంది. ఆ కంటికేమవుతుందోనని నేను భయపడాల్సింది. నాకు మాత్రం ఆయన తల పట్టుకున్న ఆమె చెయ్యే కనిపించింది.