బెండ్లు ఊడిన వల

పైఅంచున తేలే బెండ్లు ఉన్నంతసేపూ వల నీళ్ళలో నిలబడుతుంది.

అవి ఊడితే మడత పడుతుంది. ఒక మడత... దాని పక్కన మరొకటి... చివరికి వలంతా ముద్ద.

మా అక్క ఎవాంజెలిన్ జువ్వలదిన్నెలో పాతికేళ్ళు చిరిగిన వలలు బాగుచేసింది. ఇప్పుడు చెంచా పట్టుకోలేదు. మూడే నెలలు — చేతులు పోయాయి, మాట పోయింది, నా పేరు పోయింది.

ప్రియాన్ జబ్బన్నారు పెద్దాసుపత్రిలో. అందరి మెదడులోనూ ఉండే ఒక ప్రొటీను తప్పుగా మడత పడుతుందట. పడి ఊరుకోదు. పక్కదాన్నీ మడతపెడుతుంది.

నేను తొమ్మిదితో బడి మానేసినదాన్ని. ఫోన్లో తవ్వి తవ్వి చదివాను. ఆ ప్రొటీనుకు రెండుచోట్ల చక్కెర గొలుసులు వేలాడతాయట. చాలావరకు అవే తప్పు మడతకు అడ్డం పడతాయట.

బెండ్లు.

అక్కకు అవెందుకు చాలలేదు? తెలియదు. మందు? లేదు. ఏటా పదిలక్షల్లో ఒకరికొచ్చే జబ్బు — వెతికే తీరిక ఎవడికుంది?

ఊరికి మాత్రం అన్నీ తెలుసు. పాపం అంది. చేతబడి అంది. అంటుకుంటుంది అంది.

ఈ ఆదివారం ప్రభు బల్ల. మా గుడిలో ద్రాక్షరసానికి అందరికీ ఒకటే గిన్నె. తాతలనాటిది. కరోనాలో కూడా మార్చని గిన్నె.

సంఘపెద్ద జీవానందం అక్క ముందు కాగితం కప్పు పెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"పిల్లాజెల్లా ఉండారు కదమ్మా, అబిగయీలూ."

"ఎంగిలితో రాదని డాక్టరు రాసిచ్చినాడు."

"రాసిస్తాడులేమ్మా. ఆయనొచ్చి తాగతాడా ఇందులో?"

ఎవరో కిసుక్కుమన్నారు. గుడిలో.

కాగితం కప్పు నలిపి పారేశాను. బల్ల మీది గిన్నె తీసి అక్క పెదాలకు ఆనించాను. ఆమె చేయి ఎగిరిపడింది — నా తెల్లచీర మీద ఎర్రగా. రెండు చుక్కలు లోపలికి పోయాయి. గొంతు కదిలింది.

అదే అంచున నేనూ తాగాను.

గిన్నె పట్టుకున్న చేయి వెనక్కి చాచాను. వరసలో తర్వాత జయశీల. పదేళ్ళు అక్కతో ఒకే వలకు చెరో కొసా పట్టి కుట్టిన మనిషి. అక్క కంచంలో తిన్న మనిషి.

జయశీల గిన్నెను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక అడుగు వెనక్కి.

ఆమెను చూసి వెనకామె... ఆమెను చూసి ఇంకొకామె... ఒక మడత, దాని పక్కన మరొకటి...

చేయి దించలేదు. గిన్నె బరువుగా ఉంది. అక్క తల నా భుజం మీద అదురుతోంది.

నిలబడే ఉన్నాను — ఇంత పెద్ద వలకు ఒక్కటే బెండు.