లకుముకి పిట్ట ఫొటో ఎవరిది?

ఆమె తన బావ ఫొటో స్టూడియోలో పని చేసేది. పాస్‌పోర్టు ఫొటోలకు వెనక తెల్ల తెర సర్దడం, మొహాల మీద మచ్చలు చెరపడం ఆమె వంతు. సెలవు రోజుల్లో మాత్రం స్టూడియో కెమెరా పట్టుకెళ్లి, చెరువు గట్టున బోర్లా పడుకుని ఎగిరే పిట్టల కోసం కాచుకునేది. మెడ పట్టేసేది, మోచేతులు చెక్కుకుపోయేవి. వంద తీస్తే తొంభై తొమ్మిదింట్లో తోకో, ఖాళీ ఆకాశమో పడేది. రెండేళ్లకు ఒక్కటి కుదిరింది: ముక్కున చేపతో నీళ్లు చీల్చుకుని పైకి లేస్తున్న లకుముకి పిట్ట. దాని రెక్కల మీది నీటిబొట్లను లెక్కపెట్టొచ్చు. ఆ రోజంతా ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ ఫొటోను బావ తన పేరుతో పోటీకి పంపి మొదటి బహుమతి కొట్టేశాడు.

"కెమెరా నాది, స్టూడియో నాది. ఇంట్లోవాళ్ల మధ్య నీదీ నాదీ ఏంటే?" అన్నాడు.

"పోనీలేవే," అంది అక్క.

ఆమె పోనివ్వలేదు. పైకి నవ్వుతూనే ఫొటోగ్రాఫర్ల సంఘానికి ఉత్తరం రాసింది, బావ చేత చెరువు దగ్గర అందరికీ పాఠం చెప్పించమని. వాళ్లు పిలిచారు. బావ ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఆ ఉదయం ముప్పై మంది వచ్చారు. కొమ్మ మీంచి లకుముకి పిట్ట దూకింది. బావ మీట నొక్కేసరికి నీళ్ల మీద అలలే మిగిలాయి. ఐదోసారీ అంతే. పదకొండోసారీ అంతే.

"ఎప్పుడు నొక్కాలే?" అని గొణిగాడు.

"మీకు తెలీందా బావా!" అంది ఆమె, అందరికీ వినపడేలా.

దూకే ముందు ఆ పిట్ట రెండుసార్లు తల ఊపుతుంది. ఆమె చెప్పలేదు.

అతను మరదల్ని అడగడం చూసి సంఘం అధ్యక్షురాలికి అనుమానం వచ్చింది. "నువ్వు తియ్యమ్మా," అంది.

పిట్ట తల ఊపింది, మళ్లీ ఊపింది. ఆమె నొక్కింది. పిట్టా చేపా రెండూ దొరికాయి.

"ఆ బహుమతి ఫొటో కూడా నేనే తీశానండీ. దానికి ముందూ వెనకా తీసినవన్నీ నా దగ్గరే ఉన్నాయి."

తిరిగొస్తుంటే కారులో బావ పళ్లు నూరాడు. "ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?"

"నా పేరు రాస్తే మీ సొమ్మేం పోయేది?"

బహుమతి ఆమె పేరుకు మారింది. అక్క నెల్లాళ్లు మాట్లాడలేదు. బావ మీద జాలి పడదామని ఆమె ఒకటి రెండుసార్లు ప్రయత్నించింది గానీ, జాలి రాలేదు, నవ్వే వచ్చింది.